సైన్ ఇంట కాస్

నరసరావుపేటలో మా ఆఫీసు ఉన్న మేడకి కింద పురుగుమందుల దుకాణం, మధ్య అంతస్తులో పళ్ళ డాక్టరు, పైన మేము. మెట్లెక్కుతుంటే మొదట మందుల ఘాటు, తర్వాత ఎవరిదో మూలుగు, ఆఖరికి మా ఏసీ చల్లదనం తగులుతాయి. మేము చేసే పనేమిటో బయట బోర్డు మీద ఇంగ్లీషులో ఇంత పొడుగున రాసి ఉంటుంది. అది చూసి పైకొచ్చినవాళ్ళలో సగం మంది ఆధార్ కార్డులో తప్పులు దిద్దుతారా అని అడుగుతారు. మిగతా సగం మందికి జెరాక్సు కావాలి. వాళ్ళని చూసి మా టీమ్ లీడరు మొహం చిట్లించేవాడు. నాకు మాత్రం ఆ వచ్చినవాళ్ళే నయమనిపించేది. తమకేం కావాలో వాళ్ళకి తెలుసు.

మా యజమానిది కోల్డ్ స్టోరేజీలు, పత్తి మిల్లు ఉన్న కుటుంబం. రాజకీయాల్లో గెలిచేంత పెద్దవాడు కాదు, పిలవకపోతే అలిగేంత పెద్దవాడు. మిరపకాయల ధర పడినా నిరుద్యోగం ధర పడదని కనిపెట్టి, పోటీ పరీక్షల గైడ్లు అచ్చేయడం మొదలుపెట్టాడు. వాళ్ళ నాన్న పేరే ప్రచురణ సంస్థ పేరు. ఆ పెద్దాయన రాతి విగ్రహం ఒకటి దుర్గిలో చెక్కించి తెచ్చి మా ఆఫీసు గుమ్మంలో పెట్టారు. బతికున్నన్నాళ్ళూ ఆయన ఒక్క పుస్తకం తెరిచిన పాపాన పోలేదని ఊళ్ళో అందరికీ తెలుసు. రాతిలో మాత్రం చేతిలో పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు.

తర్వాత గైడ్లన్నీ ఫోన్లలోకి ఎక్కించాలన్నాడు యజమాని. ఎక్కించాం. ఒక పెళ్ళి భోజనాల దగ్గర ఎవరో బంధువు తన ఫోనులో మా లెక్కల గైడు తెరిచి చూపించాడట. అందులో వర్గమూలం గుర్తు మీద ఉండాల్సిన అడ్డగీత లేదు. మర్నాడు పొద్దున్నే ఆయన ఆఫీసులో దిగాడు.

"ఏందయ్యా ఇది? మా నాయన పేరున్న పుస్తకంలో రూటుకి కప్పు లేదేంది? బంతిలో కూర్చున్నోళ్ళందరి ముందూ నా పరువు పోయింది. ఏ ఫోన్లో చూసినా ఒక్క తీరుగా కనపడాల. ఎట్టా చేస్తారో నాకు తెలియదు."

ఆ ఎట్టా చేయాలో తేల్చే పని నా నెత్తిన పడింది. నేను లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, ఒక కాలేజీలో పాఠాలు చెప్పి, అక్కడి ర్యాంకుల గోల భరించలేక బయటపడినదాన్ని. కార్పొరేటు కాలేజీ కంటే మూర్ఖమైన చోటు ఉండదనుకుని ఇక్కడ చేరాను. నా అంచనా ఎంత తప్పో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పని చెప్పుకోవడానికి తేలికే. మా పుస్తకాలన్నీ ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో ఉంటాయి. అంటే ప్రతి ముక్కకీ ముందొక చీటీ, వెనకొక చీటీ అంటించి ఉంటుంది: ఇది శీర్షిక, ఇది పేరా, ఇది లెక్క. లెక్క లోపల మళ్ళీ చీటీలు: ఇది భిన్నం, ఇందులో మొదటిది గీతకి పైన ఉండేది, రెండోది కింద ఉండేది. ఆ చీటీలని చూసి లెక్కను గీయాల్సిన బాధ్యత ఫోనుది. ఒక్కో ఫోను ఒక్కో రకంగా గీస్తోంది. అందుకని లెక్కని ఫోను దయకి వదలకుండా, మేమే ముందుగా వెక్టరు బొమ్మగా మార్చి పెట్టేయాలి. పుస్తకాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చదువుతూ పోయి, లెక్క కనపడ్డ ప్రతిచోటా దాన్ని బయటికి లాగి, గీతలుగా వంపులుగా మార్చి, తిరిగి అదే చోట కూర్చోబెట్టే ప్రోగ్రాములు రాశాను. ఆ బొమ్మని ఎంత పెద్దది చేసినా అలుక్కుపోదు, ఏ ఫోన్లోనైనా ఒకే తీరుగా ఉంటుంది.

మొదట్లో భిన్నాలు వాక్యానికి అతుక్కోకుండా పైకి తేలాయి. లెక్క మధ్యలో తెలుగు మాట వస్తే వత్తులు ఊడి పక్కన పడ్డాయి. 'వైశాల్యం'లో యవత్తు ఒకచోట, లకారం ఒకచోట. మా టీమ్ లీడరు దాన్ని చూసి "చిన్న స్పేసింగ్ ఇష్యూ మేడం" అన్నాడు. ఇతను హైదరాబాదులో పెద్ద కంపెనీలో చేసి వచ్చినవాడు. అంత పెద్ద కంపెనీ వదిలి పేటకి ఎందుకొచ్చాడో అతను చెప్పలేదు, మేము అడగలేదు. ఇల్లు కూలినా అతనికి చిన్న స్పేసింగ్ ఇష్యూగానే కనపడుతుంది. నేనే కూర్చుని వత్తులని అక్షరాల కిందికి చేర్చాను, భిన్నాలని నేలకి దించాను. చివరికి బొమ్మలు ఎంత అందంగా వచ్చాయంటే, ఒక సాయంత్రం పనేమీ లేకపోయినా వాటిని పెద్దవి చేసుకుని చూస్తూ కూర్చున్నాను.

కానీ ఒక చిక్కుంది. బొమ్మగా మారిన లెక్క కంటికే లెక్క, యంత్రానికి కాదు. చీటీలున్నంతకాలం ఇది భిన్నం, ఇది పైది, ఇది కిందిది అని దానికి తెలుసు. గీతలయ్యాక ఏమీ తెలియదు. చూపులేనివాళ్ళ ఫోను తెర మీది అక్షరాలు చదివి వినిపిస్తుంది కదా, అది ఈ బొమ్మ దగ్గరికొచ్చి నోరెళ్ళబెడుతుంది. అందుకే ప్రతి బొమ్మకీ వెనక ఒక వివరణ రాసే చోటు ఉంటుంది. ఆ చోట లెక్కని మాటల్లో రాస్తే ఫోను దాన్ని చదువుతుంది.

చూపులేనివాళ్ళ మీద మా యజమానికి హఠాత్తుగా ప్రేమ పుట్టలేదు. వాళ్ళకి కూడా పనికొచ్చే పుస్తకమన్న గుర్తు ఉంటేనే లైబ్రరీలకి కొంటారని ఎవరో చెప్పారు. దాంతో ఆ వివరణలు కావాలన్నాడు. అన్నీ చేత్తో రాసే ఓపిక ఎవరికుంది? టీమ్ లీడరు ఒక సూత్రం రాశాడు. భిన్నం కనపడితే మొదటిది చదువు, తర్వాత 'బై' అను, తర్వాత రెండోది చదువు. రెండు బై మూడు. సైన్ తీటా బై కాస్ తీటా. అతని జీవితంలో అతను చేసిన సరైన పని అదొక్కటేనేమో.

అది కూడా నిలవలేదు. మా ఆఫీసులో భాష చూడటానికి ఒక పెద్దాయన ఉండేవారు. రిటైరైన తెలుగు లెక్చరరు. యజమానికి చిన్నప్పుడు పాఠం చెప్పారట. ఆయన చెప్పిన పాఠం ఎంత ఒంటబట్టిందో యజమానిని చూస్తే తెలుస్తూనే ఉంది. ఈ పెద్దాయన వివరణలు విని కుర్చీలోంచి లేచారు.

"‘బై’ ఏమిటయ్యా, ‘బై’? ఎవరికి వీడ్కోలు చెబుతున్నారు? తెలుగులో భిన్నానికి మాట లేదా? మూడింట రెండు, నాలుగింట మూడు అని మన పెద్దలు అనలేదా?"

అన్నారు, కాదనను. మా అమ్మ కూడా అనేది, మూడింట రెండొంతులు నీళ్ళు పొయ్యమని. అయితే ఆ మాటలో కిందిది ముందొస్తుంది, పైది తర్వాతొస్తుంది. మూడు భాగాలు చేసి అందులో రెండు తీసుకోమని. ఇంగ్లీషు 'బై'కి పైది ముందు, తెలుగు 'ఇంట'కి కిందిది ముందు. మాట మారిస్తే వరస కూడా మార్చాలి. పెద్దాయనకి లెక్కలు పడవు, టీమ్ లీడరుకి తెలుగు పడదు. ఆయన 'బై' కొట్టేసి 'ఇంట' రాయమన్నారు. ఇతను 'బై' కొట్టేసి 'ఇంట' రాశాడు. వరస ఎక్కడిదక్కడే ఉండిపోయింది. ఆ వారం నేను గురజాలలో మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్లో గారెలు తింటున్నాను.

ఆ విధంగా పుస్తకమంతా తలకిందులైంది. మూడింట రెండల్లా "రెండు ఇంట మూడు" అయింది. తప్పులు పట్టే సాఫ్ట్‌వేరు ఒకటుంది, దాని చేత పరీక్ష చేయించారు. వివరణ ఖాళీగా ఉందా లేదా అన్నంతవరకే దాని తెలివి. ఖాళీగా లేదు కాబట్టి ప్రతి బొమ్మకీ పచ్చ టిక్కు పెట్టింది. టీమ్ లీడరు ఆ పచ్చదనాన్ని ఫొటో తీసి యజమానికి వాట్సాప్‌లో పంపాడు. ఆయన రెండు చేతులు జోడించిన బొమ్మ తిరిగి పంపాడు.

మా ఇంట్లో కింది పోర్షన్లో ఒక తల్లీ కూతురూ అద్దెకుండేవాళ్ళు. ఎడ్లపాడు వైపు వాళ్ళు. తండ్రి క్వారీ టిప్పరు నడుపుతూ అక్కడే ఉండేవాడు. కూతురికి పుట్టుకతోనే చూపు లేదు. టీచరు ట్రైనింగు పూర్తి చేసి, టీచరు పోస్టుల పరీక్షకి చదువుతోంది. మిగతా అన్నిట్లో దిట్ట. లెక్కల దగ్గరే భయం. ఎందుకుండదు? బడిలో లెక్కల పీరియడు రాగానే ఆమెని తీసుకెళ్ళి వరండాలో కూర్చోబెట్టేవాళ్ళట. చూపులేనివాళ్ళకి లెక్కలు అక్కర్లేదని ప్రభుత్వం మినహాయింపు ఇచ్చిందని, అది వాళ్ళ మంచికేనని చెప్పేవాళ్ళట. పరీక్షలో మాత్రం ఆ మినహాయింపు లేదు. ఆ లెక్కల మార్కులు రాకపోతే ఉద్యోగం లేదు. ఉద్యోగం రాకపోతే ఆమెని ఎవరి పంచనైనా ఉంచేసి నిశ్చింతగా ఉందామని బంధువులు కాచుక్కూర్చున్నారు.

మా గైడు ఫోన్లో చదివి వినిపిస్తుందని తెలిసినప్పటి నుంచీ ఆమెకి వేరే ధ్యాస లేదు. పొద్దున నేను ఆఫీసుకి దిగేటప్పుడు చెవిలో అదే, సాయంత్రం ఎక్కేటప్పుడు చెవిలో అదే. నాకు లోపల్లోపల గర్వంగా ఉండేది. ఒక ఆదివారం మధ్యాహ్నం కింద నుంచి కేకేసింది.

"అక్కా, ఒకసారి రా. మీ పుస్తకానికి మతి పోయింది."

ఫోను శబ్దం పెంచి వినిపించింది. ఒక రైతు చేలో ఆరు వందల మిరప మొక్కలున్నాయి. వాటిలో రెండు ఇంట మూడు వంతులు తెగులు సోకి ఎండిపోయాయి. ఎండినవి ఎన్ని?

"ఉన్నయ్యి ఆరొందలు. ఎండినయ్యి తొమ్మిదొందలు వస్తన్నయ్యి. ఎట్టా అక్కా? పక్కోళ్ళ చేలో మొక్కలు కూడా ఈయన ఖాతాలోనే ఎండినయ్యా?"

నాకు నవ్వాగలేదు. కొంచెం ముందుకి జరపమన్నాను. ఫోను గంభీరంగా చెప్పింది: "టాన్ తీటా సమానం సైన్ తీటా ఇంట కాస్ తీటా." బియ్యం ఏరుతున్న వాళ్ళమ్మ తలెత్తింది.

"ఎవరింట్లో ఎవరే?"

"సైన్ గారింట కాస్ గారు దిగారమ్మా. భోజనం కూడా చేసే పోతారంట," అంది కూతురు.

ముగ్గురం నవ్వాం. నేను నవ్వుతూనే, ఇది తలకిందులని, టాన్ అంటే సైన్ బై కాస్ అని, వాళ్ళు మాట మార్చి వరస మార్చడం మర్చిపోయుంటారని చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"అంటే ఇందులో భిన్నాలన్నీ ఇట్టాగే ఉన్నయ్యా?"

"అన్నీ అట్లాగే ఉండాలి."

"మొక్కలంటే తెలిసిపోయింది. సైన్లూ కాసులూ నాకేం తెలుసు? అట్టాగే బట్టీ పెట్టా. ఏ లెక్క చేసినా వెనకాల ఇచ్చిన జవాబు రావట్లేదు. నా బుర్రే మందమనుకున్నా అక్కా. వరండాలో కూర్చోబెట్టినోళ్ళే కరెక్టేమోలే అనుకున్నా."

వాళ్ళమ్మ చేటలో చెయ్యి ఆగిపోయింది. నాకు ఒళ్ళు మండింది. లెక్కలన్నిటినీ బొమ్మలు చేశామని, ఫోను చదివేది వాటి వెనక రాసిన మాటలని చెప్పాను. ఇంతకీ ఈ బొమ్మల గొడవేంటి, మొదట్లో ఉన్నట్టు ఉంచితే ఏం పోయిందని ఆమె అడిగింది. అన్ని ఫోన్లలో అందంగా కనపడాలని బొమ్మలుగా మార్చామన్నాను.

"ఎవరికి?" అంది.

మర్నాడు ఆఫీసులో చెప్పాను. ఒక మాట తిరిగి మారిస్తే సరిపోయే పని. దానికి మీటింగు పెట్టారు. టీ, బిస్కెట్లు తెప్పించారు. 'ఇంట' తీసేస్తే తనని అవమానించినట్టేనన్నారు పెద్దాయన. పోనీ 'ఇంట' ఉంచి వరస మార్చమన్నాను. సైన్లకీ ఎక్స్‌లకీ ఆ మాట అతకదు గానీ తప్పయినా పోతుంది కదా అని. వరస మారిస్తే పుస్తకమంతా మళ్ళీ చెక్ చేయాలి, అది టైమ్‌లైన్‌లో లేదన్నాడు టీమ్ లీడరు. ఈ వాదన అంతా విన్న యజమాని, గొడవలేని మార్గమేదైనా చూడమని లేచి వెళ్ళిపోయాడు. మార్గం రెండు రోజుల్లో దొరికింది. వివరణలన్నీ తీసేసి, ప్రతి బొమ్మ వెనకా ఒకే మాట పెట్టారు: గణిత చిత్రం.

"ఇప్పుడు ఒక్క తప్పు కూడా లేదు మేడం," అన్నాడు టీమ్ లీడరు. నిజమే. ఏమీ చెప్పనివాడు ఎప్పటికీ తప్పు చెప్పడు. సాఫ్ట్‌వేరు మళ్ళీ పచ్చ టిక్కులు పెట్టింది, వివరణ ఖాళీగా లేదుగా.

ఇంత ఘనకార్యం చేసి ఊరుకుంటారా? పుస్తకావిష్కరణ పెట్టారు. మేడ ముందు షామియానా, పురుగుమందుల దుకాణానికి ఆ పూట సెలవు, పార్టీలో ఒక పెద్ద నాయకుడు ముఖ్య అతిథి. స్టేజీ మీద పుస్తకాన్ని వినిపించడానికి చూపులేని మనిషి ఒకరు కావాలి. యజమాని నన్ను పిలిపించాడు.

"మీ ఇంట్లో ఒకమ్మాయి ఉందంటగా. కాస్త తీసుకురామ్మా. కారు పంపిస్తాలే."

వెళ్ళొద్దని చెప్పడానికే ఆమెకి ఆ సంగతి చెప్పాను. ఆమె వస్తానంది.

"మైకులో వినపడుద్దిగా అక్కా. వందమంది వింటే ఒక్కడికన్నా సిగ్గనిపిస్తది."

మనుషుల మీద ఆమెకి నాకంటే ఎక్కువ నమ్మకం ఉంది. స్టేజీ మీద ఫోను మైకు దగ్గర పెట్టి ఒక పేజీ తెరిచింది. షామియానా అంతా మోగింది: "టాన్ తీటా విలువ, గణిత చిత్రం. దీని నుంచి, గణిత చిత్రం. కాబట్టి, గణిత చిత్రం." ఎవరికైనా సిగ్గేస్తుందేమోనని మొహాలు చూశాను. తర్వాత చప్పట్లు మోగాయి. మామూలు చప్పట్లు కాదు, ముందు వరస నుంచి వెనక వరస దాకా. ముఖ్య అతిథి కూడా కొట్టాడు.

"చూశారా, ఫోను ఎంత స్పష్టంగా తెలుగు మాట్లాడతందో!" అన్నాడు యజమాని.

"సార్, ఆ చిత్రంలో ఏముందో అది చెప్పలేదు సార్," అందామె. అప్పటికే మైకు వేరేవాళ్ళ చేతికి పోయింది. భుజాల మీద శాలువా పడింది. మన దగ్గర ఒక మనిషి నోరు మూయించడానికి శాలువాని మించినది లేదు. ఫొటోలు తీశారు. పెద్దాయన తెలుగు భాష గొప్పతనం మీద మాట్లాడారు. ఆ ప్రసంగంలో మైకులు, ఫోన్లు, డిజిటల్ విప్లవం అన్నీ ఉన్నాయి. వాటిని తెలుగులోకి మార్చాలని ఆయనకి తోచలేదు.

ఇంటికెళ్ళే ఆటోలో ఆమె శాలువా మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "చప్పట్లు కొట్టారేంది అక్కా?" అంది.

బొమ్మలుగా మార్చకముందటి పుస్తకం నా దగ్గర ఉంది, చీటీలన్నీ చెక్కుచెదరకుండా. టీమ్ లీడరు మొదట రాసిన సూత్రం కూడా ఉంది. మర్నాడు ఆఫీసు నుంచి ఆ రెండూ ఇంటికి తెచ్చుకున్నాను. ఆఫీసు సొత్తు బయటికి తీసుకెళ్ళకూడదని ఒక కాగితం మీద సంతకం పెట్టిన మాట నిజమే. ఆ కాగితం మీద నాకు ఎలాంటి గౌరవమూ లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. బొమ్మల్లేకుండా, లెక్కలన్నీ మాటల్లో పలికేలా పుస్తకం తయారుచేసి ఆమె ఫోన్లో వేశాను. కాసేపు విని ఆపింది.

"మొదట్లో ఇట్టాగే ఉందా?"

"ఇట్లాగే."

"మరి మార్చిందెందుకు?"

"‘బై’ తెలుగు కాదంట."

"మా నాన్న రాయి లోడు త్రీ బై ఫోరే ఎత్తారంటాడు. ఆయనకేమన్నా ఇంగ్లీషు వచ్చా?"

బట్టీ పెట్టిన తలకిందులన్నీ మర్చిపోవడానికి ఆమెకి కొత్తవి నేర్చుకోవడం కంటే ఎక్కువ కష్టమైంది. టాన్ అనగానే నోటికి పాతదే వచ్చేది, తనని తానే తిట్టుకునేది. పరీక్ష రాసింది. ఆమె జవాబులు రాసిపెట్టడానికి వచ్చిన అమ్మాయి ప్రశ్నలు చదువుతూ రెండు బై మూడు అనే అందట, ఇంట అనలేదట. ఫలితాలొచ్చాయి. ఉద్యోగం వచ్చింది, గురజాల అవతల ఒక ఊళ్ళో ఎలిమెంటరీ బడి. ఆ రోజు వాళ్ళమ్మ వీధంతా తిరిగి అందరికీ చెప్పింది. ఆమె మాత్రం తలుపు దగ్గర కూర్చుని, ఏ బస్సు ఎక్కాలి, ఎక్కడ దిగాలి అని నన్ను ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది.

ఆమె సామాను సర్దుకుంటున్న రోజుల్లో మా మేడ ముందు ఫ్లెక్సీ లేచింది. పైన పెద్ద నాయకుడు, ఆయన పక్కన కొంచెం చిన్న నాయకులు, మధ్యలో చేతులు జోడించిన మా యజమాని. కింద మూలన, పోస్టు బిళ్ళంత సైజులో, శాలువా కప్పుకుని ఆమె. 'మా డిజిటల్ గైడు చదివి టీచరు ఉద్యోగం సాధించిన సోదరికి అభినందనలు.' అందులో ఏముందో ఆమెకి ఒక్కటీ వదలకుండా చెప్పాను. విని లేచి చున్నీ సర్దుకుంది.

"నడు అక్కా."

యజమాని గదిలో పెద్దాయన కూడా ఉన్నారు. ఆమె కుర్చీ తడిమి చూసుకుని కూర్చుంది.

"సార్, నేను పాసైంది మీ పుస్తకంతో కాదు. మీ పుస్తకం నన్ను ముంచబోయింది. ఆ ఫ్లెక్సీ చూసి నాలాంటోళ్ళు ఇంకా ఎవరన్నా కొని చదువుతారు. ఫ్లెక్సీ అన్నా తీసెయ్యండి, పుస్తకమన్నా మార్చండి."

యజమాని నవ్వబోయి, నా వైపు చూసి మానుకున్నాడు.

"ఫ్లెక్సీ ఎట్టా తీస్తామమ్మా? పైన సారు ఫొటో ఉందిగా. తీస్తే పార్టీలో ఏమనుకుంటారు?"

"అయితే పుస్తకం మార్చండి."

ఆయన ఆలోచించాడు. ఒకవైపు నాయకుడి ఫొటో, ఇంకోవైపు లెక్కల పుస్తకం. ఎక్కువసేపు పట్టలేదు. టీమ్ లీడరుని కేకేశాడు.

"ఏందయ్యా, ఏదో మాట మార్చాలంటగా? మార్చి పడెయ్."

"అలా మారిస్తే భాష..." అని పెద్దాయన మొదలుపెట్టారు.

"మాస్టారూ, మీరు టీ తాగండి," అన్నాడు యజమాని.

టీలు వచ్చాయి. టీమ్ లీడరు ల్యాప్‌టాప్ అక్కడే తెరిచాడు. మీటింగులూ టైమ్‌లైన్లూ ఎక్కడికి పోయాయో తెలియదు. తీసేసిన సూత్రం వెనక్కి తెచ్చాడు, 'ఇంట' తీసి 'బై' పెట్టాడు, పుస్తకాన్ని ఒకసారి మొదటి నుంచి నడిపించాడు. నా బొమ్మలు వాటి చోట అవి ఉన్నాయి, వాటి వెనక మాటలు వచ్చి కూర్చున్నాయి. తన ఫోన్లో వేసి ఆమెకిచ్చాడు. ఫోను చదివింది: "టాన్ తీటా సమానం సైన్ తీటా బై కాస్ తీటా." నా టీ ఇంకా సగం కూడా కాలేదు.

ఆమె ఇంకోసారి పెట్టి వింది.

"ఇంతేనా?"

"ఇంతే మేడం. ఒక్క మాటేగా," అన్నాడు టీమ్ లీడరు, చాలా సంతోషంగా.

ఆమె ఏడ్చింది. ఆమె ఏడవటం నేను చూడటం అదే మొదలు. ఉద్యోగం వచ్చిన రోజున కూడా కళ్ళు తడవలేదు. శబ్దం లేకుండా, మొహం దాచుకోకుండా ఏడుస్తుంటే యజమాని కంగారుపడి కుర్చీలోంచి సగం లేచాడు.

"ఏందమ్మా, పనైపోయిందిగా? ఇంకా ఏడుపెందుకు?"

ఆమె చున్నీతో మొహం తుడుచుకుంది.

"ఇంత తేలిగ్గా అయిపోయిందనే సార్."